వెనిల్లా తీగకు ఫలసిద్ధి కలిగించిన ఎడ్మండ్ ఆల్బియస్

పెండ్లి విందులో వడ్డించే ఐస్‌క్రీములోనూ, పండుగనాడు ఇంట కలిపే కస్టర్డులోనూ, బేకరీ కేకులోనూ మనం ఆఘ్రాణించే వెనిల్లా పరిమళం ఎక్కడిదని ప్రశ్నిస్తే, మన విద్యార్థులలో పలువురు దుకాణంలో అమ్మే చిన్న గాజుసీసాను చూపుతారు. సీసాలోనిది చాలావరకు రసాయనశాలలో తయారైనదే గనుక ఆ జవాబును పూర్తిగా తప్పుపట్టలేము. అయితే ఆ పరిమళానికి అసలు పుట్టినిల్లు ఒక తీగ కాయ. ఆ తీగ ఆర్కిడ్ కుటుంబానికి చెందినది. ఆ తీగ తన జన్మభూమిని విడిచి పరాయి నేలల్లో పూసి కూడా తరతరాలు గొడ్డుమోతుగా నిలిచిపోగా, దానిచేత కాయ కాయించే సులభోపాయాన్ని లోకానికి చూపినవాడు పండ్రెండేళ్ల బానిస బాలుడు. అతని పేరు ఎడ్మండ్. ఆ కాలాన బానిసలకు ఇంటిపేరు ఉండేది కాదు గనుక చాలాకాలం అతనికి అంతకుమించి పేరు లేదు.

వార్షిక సంచికకు వృక్షశాస్త్ర సంబంధమైన వ్యాసం వ్రాయవలసినదని కమిటీ పెద్దలు కోరినప్పుడు, ఇంటిలో ఆర్కిడ్ల పెంపకం గురించి నాలుగు మాటలు వ్రాద్దామనే అనుకున్నాను. కలం పట్టిన తరువాత ఆ తీగకంటె దానిని పెంచిన వాని కథయే మనసును ఆక్రమించింది. పెంపకపు ముచ్చట కూడా సందర్భవశాన రాకపోదు.

ఆర్కిడ్ జాతులు ప్రపంచంలో ఇరవై అయిదు వేలకు పైగా ఉన్నవని శాస్త్రజ్ఞుల అంచనా. మనవారు చెట్టు కొమ్మలను ఆశ్రయించి పెరిగే మొక్కలన్నిటినీ కలిపి బదనికలని వ్యవహరించడం కద్దు. అందులో తాము ఎక్కిన చెట్టు రసాన్ని పీల్చి బ్రతికేవి కొన్ని. ఆర్కిడ్లు అటువంటివి కావు. వాటికి చెట్టు కేవలం ఆలంబనం. వెనిల్లా కూడా అంతే. తమలపాకు తీగవలె చెట్టును పట్టుకొని పైకి ప్రాకుతుంది; దళసరి ఆకులతో, కణుపు కణుపుకూ ఊడలవంటి వేళ్లతో అనేక గజాలు సాగుతుంది. ఇంత పెద్ద కుటుంబంలో మనిషి ఆహారంకోసం పెద్ద ఎత్తున సాగుచేసేది ఈ ఒక్క తీగనే అని చెప్పవచ్చు.

దీని జన్మస్థానం మెక్సికో, మధ్య అమెరికా అడవులు. మెక్సికో తూర్పు తీరంలోని టోటోనాక్ జనులు దీనిని అనాదిగా ఎరుగుదురు. వారినుండి కప్పం రూపంలో ఈ కాయలను పొందిన ఆజ్టెక్ ప్రభువులు కోకో గింజల పానీయంలో పరిమళానికై దీనిని కలుపుకొనేవారు. 16వ శతాబ్దంలో స్పెయిన్ దేశస్థులు మెక్సికోను ఆక్రమించిన పిమ్మట ఈ కాయ ఐరోపాకు చేరింది. రాజభవనాలలో దానికి మోజు పెరిగింది. ధర ఆకాశాన్ని అంటింది. కాని దాదాపు మూడు వందల సంవత్సరాలపాటు ప్రపంచమంతా మెక్సికో కాయలమీదనే ఆధారపడవలసి వచ్చింది. తీగను ఓడలమీద ఎక్కడికి తీసుకుపోయినా అది బ్రతికేది, పెరిగేది, పూసేది. కాయ మాత్రం కాసేది కాదు. లండను సమీపాన చార్లెస్ గ్రెవిల్ అను ప్రభువు గాజుటింటిలో 1807 ప్రాంతాన ఈ తీగ పుష్పించిందని తెలిసి ఉద్యానప్రియులు సంబరపడ్డారు. దానినుండి ముక్కలు ఆంట్వర్ప్‌కు, పారిస్‌కు ప్రయాణం చేశాయి. పారిస్ నుంచి 1822లో కొన్ని తీగలు హిందూమహాసముద్రంలోని ఒక చిన్న ఫ్రెంచి దీవికి చేరాయి. మన కథ అక్కడ మొదలవుతుంది.

మడగాస్కర్‌కు తూర్పున ఉన్న ఆ దీవిని ఆనాడు బూర్బన్ అనేవారు. 1848 నుండి దాని పేరు రీయూనియన్. నడుమ అగ్నిపర్వతాలు, చుట్టూ ఇరుకైన తీరభూమి, ఆ భూమిలో చెరకుతోటలు, ఆ తోటలలో ఆఫ్రికానుండి, మడగాస్కర్‌నుండి తెచ్చిన బానిసలు. ఈ దీవికీ మన తెలుగువారికీ ఒక విషాదబంధం ఉన్నది. 1828లో యానాం రేవునుంచి కొందరు తెలుగు కూలీలను ఒప్పందంమీద ఓడ ఎక్కించి ఈ దీవికే పంపారు. భారతదేశంనుండి అక్కడికి సాగిన కూలీల వలసకు అదే ఆరంభం. ఆ మరుసటి ఏడు, అంటే 1829లో, దీవి ఉత్తర తీరాన సెయింట్ సుజాన్ అను ఊరిలో ఎడ్మండ్ జన్మించాడు.

తల్లి మెలీజ్ ప్రసవ సమయంలోనే కన్ను మూసింది. తండ్రి పాంఫీల్ కూడ బానిసయే. తల్లి లేని ఆ పసివానిని వారి యజమానురాలు ఎల్వీర్ తన సోదరుడైన ఫెర్రియోల్ బెలియే-బోమాంట్‌కు అప్పగించింది. ఒక మనిషిని ఒక ఇంటినుండి మరొక ఇంటికి ఇచ్చివేయడం ఆనాటి చట్టం దృష్టిలో ఒక వస్తువును ఇచ్చివేయడం వంటిదే. అయినా ఈ సందర్భంలో అది ఆ బాలునికి మేలే చేసింది. ఫెర్రియోల్ దొరకు మొక్కలంటే ప్రాణం. తన తోటలో దేశదేశాల చెట్లను, పూలను నాటి పెంచేవాడు. ఆ పిల్లవాడు దొర వెన్నంటి తోటలో తిరిగేవాడు. బడికి పోలేదు, అక్షరం ముక్క నేర్వలేదు. కాని చెట్టు పేర్లు, పూల భాగాలు, అంటుకట్టే వైనం, నీరు పెట్టే వేళలు అన్నీ దొరవెంట తిరిగి తిరిగి కంఠస్థం చేసుకున్నాడు.

దొర అతనికి నేర్పిన వాటిలో ఒకటి తరువాతి చరిత్రనే మార్చింది. పుచ్చ, గుమ్మడి జాతి తీగలలో మగపూలు, ఆడపూలు వేరువేరుగా ఉంటాయని మన విద్యార్థులు ఎరుగుదురు. మగపువ్వులోని పుప్పొడిని చేతితో తీసి ఆడపువ్వు కీలాగ్రానికి అంటిస్తే పిందె తప్పక నిలుస్తుంది. ఫెర్రియోల్ ఆ జాతి తీగ ఒకదానిపై ఈ పని చేసి చూపాడు. బాలుడు చూచాడు, చేశాడు, జ్ఞాపకముంచుకున్నాడు.

ఇక ఆ తోటలోని వెనిల్లా తీగ సంగతి. 1820 ప్రాంతాలలో దీవికి వచ్చిన తీగల సంతతిలో ఒకటి ఫెర్రియోల్ తోటలో ఒక చెట్టును అల్లుకొని ఇరవై ఏళ్లుగా బ్రతికి ఉన్నది. ఏటేటా పూసేది, రాలేది. దీవిలో తక్కిన చోట్లనూ ఇదే పరిస్థితి. ఎందుకు కాయడం లేదో తెలుసుకోవాలంటే ఆ పువ్వును కొంచెం దగ్గరగా చూడాలి.

వెనిల్లా పువ్వు లేతపసుపు కలిసిన ఆకుపచ్చ రంగులో ఉంటుంది. మూడు రక్షక పత్రాలు, మూడు ఆకర్షణ పత్రాలు. ఆకర్షణ పత్రాలలో ఒకటి గొట్టంవలె చుట్టుకొని మధ్యనున్న స్తంభాన్ని కప్పివేస్తుంది. ఆ స్తంభంలోనే పురుష భాగము, స్త్రీ భాగము రెండూ ఉన్నవి. పుప్పొడి పొడిగా రాలక జిగురుగల చిన్న ముద్దలుగా పైన ఉంటుంది. కీలాగ్రం దానికి సరిగ్గా క్రింద ఉంటుంది. ఆ రెంటినీ వేరుచేస్తూ నడుమ నాలుకవంటి ఒక పలుచని పొర అడ్డు నిలుస్తుంది. నూలుపోగంత దూరంలో ఉన్నా పుప్పొడి కీలాగ్రాన్ని తాకలేదు. గాలి వల్ల కాదు, వాన వల్ల కాదు. మెక్సికో అడవుల్లో ఈ పని చేసేవి అక్కడి తేనెటీగలు. మెలిపోనా అను కొండి లేని చిన్న ఈగ చేస్తుందని చిరకాలం నమ్మారు. నేటి పరిశోధకులు ఆర్కిడ్ ఈగలనబడే మరొక జాతివైపు మొగ్గుతున్నారు. ఆ అడవుల్లోనైనా సహజంగా కాయగా మారే పూలు బహు స్వల్పం. ఇతర దేశాలలో ఆ ఈగలే లేవు. పైగా పువ్వు ఆయుర్దాయం ఒక్కపూట. తెల్లవారుజామున విచ్చి మధ్యాహ్నానికి వాడుతుంది.

ఈ రహస్యాన్ని ఐరోపా పండితులు కనుగొనకపోలేదు. బెల్జియం దేశంలో లియేజ్ నగర ఆచార్యుడు చార్లెస్ మోరెన్ 1836లో గాజుటింటి తీగపై చేతితో పరాగసంపర్కం జరిపి కాయలు కాయించాడు. అతని తరువాత పారిస్‌లోనూ ఆ ప్రయోగం ఫలించింది. మోరెన్ కీర్తిని తగ్గించడం నా ఉద్దేశం కాదు. శాస్త్రరీత్యా ఆయనదే తొలి ప్రయోగం. కాని తోట యజమానులు వేలకొలది పూలకు వేగంగా వర్తింపజేయగల పద్ధతి దానినుండి రాలేదు. ఆ వార్త పండిత పత్రికలలో మిగిలింది. తోటలలో తీగలు పూర్వంవలెనే గొడ్డువోయి ఉన్నవి.

1841లో ఒకనాటి ఉదయం ఫెర్రియోల్ దొర ఎడ్మండ్‌ను వెంటబెట్టుకొని తోటలో తిరుగుతూ ఆ వెనిల్లా తీగవద్ద ఆగిపోయాడు. తీగకు పచ్చని కాయ వ్రేలాడుతున్నది. పరకాయించి చూడగా మరొకటి. ఇరవై ఏళ్లుగా ఎరుగని వింత. బాలుడు ఆ పని తనదేనని, పూలను తానే కలిపానని చెప్పాడు. దొర నమ్మలేదు. పండితులు ఏళ్ల తరబడి తల బద్దలుకొట్టుకున్న పనిని పండ్రెండేళ్లవాడు, అందునా బడి ముఖం ఎరుగనివాడు, చేశాడంటే ఎవరు నమ్ముతారు? కొన్నాళ్లకు మరికొన్ని కాయలు కనిపించాయి. బాలుడు మళ్ళీ అదేమాట చెప్పాడు. అప్పుడు దొర చేసి చూపమన్నాడు.

ఎడ్మండ్ చేసి చూపిన పని ఇది. విచ్చిన పువ్వును ఎడమచేత మృదువుగా పట్టుకున్నాడు. గొట్టంవంటి రేకను చీల్చి లోపలి స్తంభం కనబడేటట్లు చేశాడు. సన్నని వెదురు పుల్ల మొనతో ఆ నాలుకవంటి పొరను పైకి ఎత్తి వెనుకకు తొలగించాడు. మరుక్షణం బొటనవేలితో పుప్పొడి ముద్దను నెమ్మదిగా కీలాగ్రంమీదికి అదిమాడు. అంతే. కనురెప్పపాటు కాకపోయినా రెండు మూడు నిట్టూర్పులకు మించిన పని కాదు. పుచ్చ జాతి తీగమీద నేర్చిన విద్యను, మగ ఆడ భాగాలు ఒకే పువ్వులో దాగివున్న మరొక మొక్కకు అతడు తానై వర్తింపజేశాడు. పువ్వును విప్పి చూచి, అడ్డుపొర ఎక్కడున్నదో గుర్తించి, దానిని త్రెంపక తొలగించే మార్గాన్ని ఊహించడంలో ఉన్నది అసలు ప్రజ్ఞ. దీనిని యాదృచ్ఛికమనడం న్యాయం కాదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. చూచిన దృష్టాంతంనుండి చూడని విషయానికి దారితీసే బుద్ధినే మనం శాస్త్రదృష్టి అంటున్నాం.

ఫెర్రియోల్ ఆ సంగతిని దాచుకోలేదు. తోటి దొరలకు ఉత్తరాలు వ్రాశాడు. వారు తమ తోటలకు ఆ బాలుణ్ణి పంపమని కోరారు. బండి ఎక్కించి ఎడ్మండ్‌ను తోటతోటకూ త్రిప్పారు. అక్కడి బానిసలకు, కూలీలకు అతడు పువ్వు పట్టే తీరు, పుల్ల పెట్టే తీరు నేర్పాడు. పండ్రెండేళ్ల గురువు; శిష్యులు అతనికంటె రెండింతలు, మూడింతల వయసువారు. ఆ చదువుకు రుసుము లేదు, ఆ గురువుకు జీతమూ లేదు.

ఫలితాన్ని అంకెలు చెబుతాయి. 1848లో ఆ దీవినుండి ఫ్రాన్సుకు ఎగుమతి అయిన వెనిల్లా 50 కిలోలు మాత్రమే. 1858 నాటికి అది రెండు టన్నులయింది. 1867లో ఇరవై టన్నులు. చెరకు ధరలు తగ్గి దివాలా అంచున నిలిచిన తోటలు కొన్ని ఈ తీగ ఆసరాతో నిలదొక్కుకున్నాయి. మూడు శతాబ్దాల మెక్సికో ఏకచ్ఛత్రాధిపత్యం ఆ బొటనవేలి క్రింద అణగిపోయింది. ఆ దీవి పాతపేరుమీద నేటికీ వర్తకులు ఈ రకాన్ని బూర్బన్ వెనిల్లా అంటారు.

ఇక్కడ కొంచెం దారి తప్పి, పెరటిలో ఈ తీగను పెంచదలచిన విద్యార్థులకు రెండు మాటలు. గజం పొడవున్న ఆరోగ్యవంతమైన ముక్కను కోసి నాలుగైదు రోజులు నీడలో వాడనివ్వాలి. కోసిన వెంటనే పాతితే కుళ్లుతుంది. క్రింది రెండు మూడు కణుపుల ఆకులు తీసివేసి, ఆ భాగాన్ని కుళ్లిన ఆకుల ఎరువుమీద పరచి పలుచగా కప్పాలి, లోతుగా పాతరాదు. గ్లిరిసీడియా వంటి, గరుకు బెరడుగల చెట్టుకు మెత్తని నారతో కట్టాలి. సగం ఎండ, సగం నీడ దీనికి ఇష్టం. గాలిలో తేమ ఉండాలి. మొదట్లో నీరు నిలువరాదు. ఈ రెండు షరతులను ఒకేసారి పాటించడమే కష్టం. తెలంగాణ, రాయలసీమ వేసవిలో తీగ ఆకులు కమిలిపోతాయి. గోనెపట్టా తడిపి చుట్టూ కట్టి, ఉదయం సాయంత్రం నీరు చిలకరిస్తే కొంత నయం. నేను వరండాలో కుండీలో పెంచిన తీగ మొదటి వేసవిని తట్టుకొని, రెండవ ఏడు నా అతిజాగ్రత్తకు బలి అయింది. ఎండకు భయపడి రోజూ కుండీ నిండా నీరు పోశాను, వేరుకుళ్లు పట్టింది. కాబట్టి నేను ఎడ్మండ్ పనిని స్వయంగా చేసి చూచినవాణ్ణి కాను.

తీగ ఎంత ఎత్తుకు పోతే అంత పోనివ్వరాదు. మనిషి చేతికందే ఎత్తులో కొమ్మమీదినుంచి మడిచి క్రిందికి వ్రేలాడదీయాలి. అలా వ్రేలాడే భాగానికే పూత ఎక్కువగా వస్తుంది. నాటిన మూడవ ఏట పూలు ఆశించవచ్చు. గుత్తిలో పూలు ఒక్కసారిగా విచ్చవు. రోజుకు ఒకటి, అరుదుగా రెండు. కాబట్టి పూత కాలమంతా ప్రతి ఉదయమూ తీగను దర్శించవలసినదే. సంపర్కం జరగని పువ్వు మరునాటికి రాలిపోతుంది. జరిగిన పువ్వు వాడినా కాడను వదలదు. గుత్తికి ఎనిమిది పది కాయలకంటె ఎక్కువ ఉంచితే తీగ డస్సిపోతుంది. కాయ ముదరడానికి ఎనిమిది తొమ్మిది నెలలు. చిత్రమేమంటే పచ్చికాయకు సువాసన లేదు. వేడినీటిలో కొన్ని నిమిషాలు ముంచి, కంబళ్లలో చుట్టి చెమర్చనిచ్చి, రోజూ కొంతసేపు ఎండబెట్టి, పిదప నీడన ఆరనిచ్చి, నెలల తరబడి పెట్టెలలో మాగనిస్తేగాని ఆ నల్లని, జిగురైన, పరిమళించే కాయ తయారు కాదు. అయిదారు కిలోల పచ్చికాయకు ఒక కిలో ఎండుకాయ వస్తుంది. కుంకుమపువ్వు తరువాత ఇదే ఖరీదైన సుగంధద్రవ్యం కావడంలో వింత లేదు.

మరల ఎడ్మండ్ వద్దకు వత్తాము. 1848లో ఫ్రాన్సు తన వలసలన్నిటిలో బానిసత్వాన్ని రద్దుచేసింది. ఆ ఏడు డిసెంబరు 20న సార్దా గరిగా అను కమిషనరు రీయూనియన్‌లో ఆ శాసనాన్ని ప్రకటించగా అరవై వేలకు పైగా జనులు స్వతంత్రులయ్యారు. ఎడ్మండ్‌కు పందొమ్మిదేళ్లు. స్వతంత్రునికి ఇంటిపేరు ఉండాలి గనుక అతనికి ఆల్బియస్ అను పేరు వచ్చింది. లాటిన్‌లో తెలుపును తెలిపే మాటతో ఈ పేరుకు పోలిక ఉన్నది. పువ్వు రంగును తలచి పెట్టారో, నల్లని శరీరాన్ని చూచి వేళాకోళానికి పెట్టారో పెట్టినవారికే ఎరుక.

బానిసత్వం రద్దయినప్పుడు ఫ్రెంచి ప్రభుత్వం నష్టపరిహారం చెల్లించింది. చెల్లించినది బానిసలకు కాదు, బానిసలను కోల్పోయిన యజమానులకు. ఎడ్మండ్ వంటివారి చేతికి దక్కినది పేరూ, స్వేచ్ఛా. ఫెర్రియోల్‌ను నేను నిందించబోను. ఆ దీవిలో అతనివంటి దొరలు అరుదు. కాని కన్నబిడ్డవలె పెంచానన్న పిల్లవానిని పందొమ్మిదేళ్లు వచ్చేవరకు ఆస్తి పట్టికలో ఉంచుకున్నవాడు కూడా అతడే. ప్రేమ, యాజమాన్యం ఒకే హృదయంలో ఇముడగలవని ఈ చరిత్రవల్ల తెలుస్తున్నది.

విముక్తుడైన ఎడ్మండ్ తోటను విడిచి రాజధాని సెయింట్ డెనిస్‌కు పోయాడు. అక్కడ వంటింట పనివాడుగా కుదిరాడు. మొక్కల రహస్యాలు తెలిసిన చేతులకు పట్నంలో దొరికిన పని అంట్లు, కూరగాయలు. కొంతకాలానికి నగల దొంగతనం కేసులో చిక్కుకున్నాడు. అయిదేళ్ల కఠినశిక్ష పడింది. అతడు నిరపరాధి అని నిరూపించడానికి నావద్ద ఆధారం లేదు. మహనీయుల జీవితాలు వ్రాసేటప్పుడు ఇటువంటి ఘట్టాలను దాటవేయడం మన వ్యాసాలలో పరిపాటి గాని, దాటవేస్తే ఆ మనిషి జీవితం ఎంత ఇరుకున నడిచిందో మనకు తెలియకపోతుంది.

పాత యజమాని అప్పుడు అతనిని మరువలేదు. సెయింట్ సుజాన్ న్యాయాధికారి ఒకరు కూడ పూనుకొని గవర్నరుకు అర్జీ పెట్టారు. దీవిలో ప్రతి తోటా ఎవని ఉపాయంవల్ల సంపన్నమవుతున్నదో ఆ మనిషి సంకెళ్లతో ఉండడం తగదన్నదే ఆ అర్జీల సారాంశం. మూడేళ్ల శిక్ష ముగిసిన పిమ్మట మిగిలినది రద్దుచేసి 1855లో అతనిని విడిచిపెట్టారు.

శరీరానికి స్వేచ్ఛ దొరికింది గాని అతని ప్రజ్ఞకు మరొక ఆపద వచ్చింది. సెయింట్ డెనిస్ ఉద్యానవనానికి అధిపతిగా పనిచేసిన జీన్ మిషెల్ క్లాడ్ రిషార్ అను వృక్షశాస్త్రజ్ఞుడు వెనిల్లా సంపర్క విధానం తనదేనని చెప్పుకోసాగాడు. తాను 1838లో దీవిలోని కొందరు తోటమాలులకు దానిని చూపానని, అప్పుడు ఈ పిల్లవాడు చాటుననుండి చూచి ఉంటాడని అతని వాదన. రిషార్ పేరుపొందిన పండితుడు. ఎడ్మండ్ చదువురాని మాజీ బానిస, పైగా జైలుకు పోయి వచ్చినవాడు. ఇద్దరిలో ఎవరి మాట చెల్లుతుందో ఊహించడం కష్టం కాదు.

చెల్లకపోవడానికి కారణం ఫెర్రియోల్ వ్రాసిన లేఖ. దీవి చరిత్రను గ్రంథస్థం చేస్తున్న వోల్సీ-ఫోకార్ అను ఉద్యోగికి 1860 తరువాతి సంవత్సరాలలో అతడు జరిగినదంతా వివరంగా వ్రాసి పంపాడు. రిషార్ తనకు చిరకాల మిత్రుడని, అతని మనసు నొప్పించడం తనకు ఇష్టం లేదని చెబుతూనే, ఎడ్మండ్‌పట్ల తనకు గల బాధ్యతను విస్మరించలేనన్నాడు. 1838లోనే ఈ విధానం నేర్పి ఉంటే మూడేళ్లపాటు దీవిలో ఒక్క తోటలోనూ కాయ ఎందుకు కాయలేదన్నది అతని ప్రశ్న. వృద్ధాప్యంలో జ్ఞాపకం మోసగించడం సహజమని మిత్రునికి గౌరవప్రదమైన దారికూడా చూపాడు. వాదశాస్త్రం చదివే విద్యార్థులు ఆ ఒక్క ప్రశ్నలోని బలాన్ని గమనింతురు గాక. దానికి తృప్తికరమైన సమాధానం రాలేదు. వోల్సీ-ఫోకార్ తన రచనలో ఎడ్మండ్ పక్షాన్నే నిలిచాడు. 1863లో ఆంట్వాన్ రూసెన్ అను చిత్రకారుడు దీవి విశేషాల చిత్రమాలలో ఎడ్మండ్ రూపాన్ని వెనిల్లా తీగతో కలిపి చిత్రించాడు. ఈనాడు మనకు అతని ముఖం తెలుసుననగల ఆధారం ఆ చిత్రమే.

చిత్రంవల్ల కడుపు నిండలేదు. జైలునుండి వచ్చాక ఎడ్మండ్ తన బాల్యపు ఊరి ప్రాంతానికే తిరిగివచ్చి పెండ్లి చేసుకున్నాడు. భార్య అతనికంటె ముందే చనిపోయింది. చుట్టూ ఉన్న తోటలలో ప్రతి పూతకాలంలోనూ వేలాది చేతులు అతడు నేర్పిన విధంగానే పువ్వును పట్టి, పుల్లతో పొరను ఎత్తి, బొటనవేలితో అదుముతున్నాయి. అతనికి ఏదేని భృతి ఏర్పాటు చేయవలసినదని ఫెర్రియోల్ ప్రభుత్వాన్ని కోరాడు. ఆ అభ్యర్థన ఫలించలేదు. తోటలవల్ల ఐశ్వర్యవంతులైన వారిలోనూ చేయి చాచినవారు కానరారు.

ఈలోపల మరొక వైపునుండి మార్పు మొదలయింది. 1874లో జర్మనీలో టీమన్, హార్‌మన్ అను రసాయనవేత్తలు దేవదారు జాతి చెట్ల రసంలోని ఒక పదార్థంనుండి వెనిల్లిన్‌ను తయారుచేశారు. మొదట చెప్పిన గాజుసీసా వంశవృక్షం అక్కడ ప్రారంభమవుతుంది. అయినప్పటికీ అసలు కాయకు గిరాకీ తగ్గలేదు. ఎడ్మండ్ విద్య దీవులు దాటి కొమొరో దీవులకు, మడగాస్కర్‌కు వ్యాపించింది. నేడు ప్రపంచానికి అత్యధికంగా వెనిల్లా అందించే దేశం మడగాస్కరే. మన దేశంలో కేరళ, కర్ణాటక రైతులు 2000 తరువాతి మూడు నాలుగేళ్లలో ధర చూచి ఈ తీగను విరివిగా నాటారు. ధర పడిపోగానే చాలామంది తీసివేశారు. ఈ దేశాలన్నిటిలోనూ నేటికీ సంపర్కం యంత్రంతో కాదు, చేతితోనే. నేర్పుగల పనివారు ఒక్క ఉదయాన వెయ్యికి పైగా పూలను కలుపగలరు.

ఎడ్మండ్ ఆల్బియస్ 1880 ఆగస్టులో సెయింట్ సుజాన్ ఆసుపత్రిలో నిరుపేదగా మరణించాడు. అప్పటికి ఆయన వయస్సు యాభై ఒక్క సంవత్సరాలు. దీవి పత్రిక ఒకటి ఆ నెలలోనే ఆ మరణవార్తను, ఆయన అనుభవించిన దైన్యాన్ని ప్రకటించింది. ఊరిలో ఆయన స్మారకచిహ్నం వెలసినది బహుకాలం తరువాత. ఆయన గతించిన పద్దెనిమిదేళ్లకు, 1898లో, రీయూనియన్ దీవినుండి ఎగుమతి అయిన వెనిల్లా 200 టన్నులు.